ఈ దసరాకు జానెడు గోడ వదిలేయండి



లష్కర్ బోనాలు అయిపోయాయి, వినాయకుడి నిమజ్జనం కూడా అయిపోయింది. ఇక దసరా. మన ఇళ్లలో దసరా అంటే ముందు గుర్తొచ్చేది ఇల్లు దులపడం. వానాకాలమంతా పిట్టగోడ మీద, మెట్ల పక్కన, సంపు చుట్టూ పెరిగిన పచ్చటి నాచును వైరు బ్రష్‌తో గీకేస్తాం. బ్లీచింగ్ పౌడర్ చల్లుతాం. తరువాత పెయింటర్‌కు ఫోన్ చేస్తాం. మన క్యాంపస్‌లోనూ సెలవుల్లో జరిగేది ఇదే.

ఈసారి మీకు నాదొక చిన్న విన్నపం. ఎవరూ నడవని చోట, మీ ఇంటి గోడ మీద ఒక జానెడు మేర నాచును గీకకుండా సంక్రాంతి వరకు వదిలేయండి. మీ అబ్బాయికో అమ్మాయికో ఆ జానెడు గోడను అప్పగించండి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే, ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

నేను పెట్టిన ఎర్ర గీత

కిందటేడాది ఏడో తరగతి పిల్లలకు 'మా చుట్టూ మొక్కలు' అనే రికార్డ్ పని ఇచ్చాం. చాలామంది మందారం, తులసి, వేప రాశారు. ఒక బాబు మాత్రం మన స్కూలు గోడ మీద నాచు బొమ్మలు రెండు వేశాడు. మొదటి బొమ్మలో నాచు గుండ్రంగా, పొట్టిగా, చిన్న దిండులా గట్టిగా ఉంది. దాని పక్కన 'టెర్రస్ పిట్టగోడ' అని రాశాడు. రెండో బొమ్మలో కాడలు సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. ఆకులు దూరదూరంగా ఉన్నాయి. పక్కన 'వాటర్ కూలర్ వెనక' అని రాశాడు. రెండు బొమ్మల కిందా కలిపి 'ఒకే మొక్క' అని రాశాడు.

నేను ఆ మాటను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. 'రెండూ వేరు. పుస్తకంలో బొమ్మ చూడు' అని రాసి పదికి నాలుగు మార్కులు వేశాను. వాడు రికార్డ్ తీసుకుని నా దగ్గరకు వచ్చి, "మెట్ల గోడ మీద చూస్తే మధ్యలో మధ్యరకం ఉంది మేడం" అన్నాడు. ఆ పూట నా దగ్గర ఇంకా నలభై రికార్డులు ఉన్నాయి. తరువాత చూద్దామని పంపేశాను. తరువాత చూడలేదు. పైగా ఆగస్టులో జరిగిన పీటీఎంలో వాళ్ల అమ్మగారితో "బాబు గమనించి కాకుండా ఊహించి రాస్తున్నాడు" అని చెప్పాను.

దసరా సెలవుల తరువాతి పీటీఎంకు ఆవిడ ఒక ఐస్‌క్రీమ్ డబ్బా తెచ్చారు. "మీరు తప్పని రాసిన నాటి నుంచి దీన్ని పెంచుతుండు మేడం. పారెయ్యనిస్తలేడు. మీరొక్కసారి చూస్తే వానికి నిమ్మళమైతది" అన్నారు.

డబ్బాలో సిమెంటు పెచ్చుతో సహా ఊడదీసిన నాచు ముద్ద ఉంది. రూపాయి బిళ్లంత ఉంటుంది. వాళ్ల బిల్డింగ్ టెర్రస్ మీద ఎండ పడేచోట నుంచి తీసి, బట్టలు ఉతికే చోట నీడలో పెట్టి, రోజూ నీళ్లు చిలకరించాడట. నేను లెన్స్‌తో చూశాను. కింద భాగం ముదురు రంగులో, పొట్టిగా, ఒత్తుగా ఉంది. అది టెర్రస్ మీద పెరిగిన భాగం. దాని పైన కొత్తగా వచ్చిన చిగుళ్లు లేత పచ్చగా, సన్నగా, ఆకుల మధ్య ఎడంతో ఉన్నాయి. వాడి రికార్డ్‌లోని రెండు బొమ్మలూ ఒకే కాడ మీద, ఒకదాని పైన ఒకటి ఉన్నాయి.

మరుసటి రోజు స్కూలు టెర్రస్ నుంచీ, కూలర్ వెనక నుంచీ చిటికెడు నాచు తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టాను. పొడవులో, ఎడంలో ఎంత తేడా ఉన్నా ఆకు అంచు, మధ్య ఈనె, కణాల అమరిక రెండింటిలోనూ ఒక్కలాగే ఉన్నాయి. ఎండనిచ్చి చూస్తే రెండింటి ఆకుల అంచులూ లోపలికి చుట్టుకున్నాయి. అది హయోఫిలా. మన దేశంలో సున్నపు గోడల మీదా సిమెంటు గోడల మీదా బాగా కనబడే నాచుల్లో ఇదొకటి. ఏడో తరగతి బాబు రాసిందే నిజం. పుస్తకంలో బొమ్మ చూడమన్న నేను గోడ చూడలేదు.

నాచు రూపం ఎందుకు మారుతుంది?

ముందు ఒక మాట స్పష్టం చేయాలి. పాచి, పాకుడు, నాచు అని మనం ఇంట్లో కలిపి వాడేస్తాం. కాలు జారేలా జిగటగా ఉండే పాకుడు ఎక్కువగా శైవలాలు, సయనోబాక్టీరియాల పొర. చెరువు నీళ్లలో తేలేదాన్ని కూడా కొందరు నాచు అంటారు. నేను చెప్పేది గోడ మీద మెత్తటి పచ్చ ముఖమల్‌లా పెరిగే మాస్ మొక్కల సంగతి. దగ్గరగా చూస్తే వాటికి చిన్న కాడ, చిన్న చిన్న ఆకులు కనబడతాయి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ఫ్యునేరియా గుర్తుండే ఉంటుంది. అది ఈ కుటుంబాలదే.

మామిడి చెట్టుకు వేళ్లున్నాయి. పైన ఎండగా ఉన్నా నేల లోతు నుంచి నీళ్లు తోడుకుంటుంది. నాచుకు నిజమైన వేళ్లు లేవు. కింద ఉండే సన్నటి మూలతంతువులు ముఖ్యంగా గోడను పట్టుకోవడానికే. నీటిని ఒంటి మీదుగా పీల్చుకుంటుంది. చాలా రకాల్లో ఆకు మందం ఒక్క కణమే. కాబట్టి వాన పడితే నిమిషాల్లో తడిసి పచ్చబడుతుంది. ఎండ కాస్తే అంత తొందరగానూ ఆరిపోతుంది. ఆరితే చచ్చిపోదు, పని ఆపేసి ఎదురుచూస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన పిట్టగోడల మీద నల్లగా, పొడిపొడిగా కనబడేదాని మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి చూడండి, చాలాసార్లు కళ్లముందే విచ్చుకుంటుంది.

తడిగా ఉన్నంతసేపే దానికి పెరుగుదల. అందుకే ఒక చోట ఎంతసేపు తడి నిలుస్తుంది, ఎంత వెలుతురు పడుతుంది అన్నదాన్ని బట్టి దాని ఆకారం చాలావరకు తేలుతుంది.

ఇంట్లోనే దీన్ని అర్థం చేసుకోవచ్చు. తడి టవల్‌ను తీగ మీద పరిచి ఆరేస్తే గంటలో ఆరిపోతుంది. అదే టవల్‌ను గట్టిగా చుట్టి మూల పెడితే సాయంత్రానికి కూడా తడిగానే ఉంటుంది. టెర్రస్ పిట్టగోడ మీద ఎండా గాలీ ఎక్కువ. అక్కడ పొడుగ్గా, విడివిడిగా పెరిగిన కాడ ముందు ఆరిపోతుంది. పొట్టిగా, ఒకదానికొకటి ఆనుకుని పెరిగిన కాడల మధ్య గాలి ఆడదు. లోపల తడి ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే అక్కడ నాచు దిండులా ఉంటుంది. ఆ దిండు ఒక మొక్క కాదు, వందల కాడల గుంపు. ఒంటరిగా అయితే ఆ ఎండకు ఏ కాడా ఎక్కువసేపు ఆగలేదు.

కూలర్ వెనక పరిస్థితి వేరు. అక్కడ నీటికి కొదవ లేదు, కొదవంతా వెలుతురుకే. వంటింటి అలమరలో మరిచిపోయిన ఉల్లిగడ్డ మొలక ఎలా సాగుతుందో చూశారు కదా. నీడలోని నాచు కూడా అలాగే కాడ సాగదీస్తుంది. ఒక ఆకు నీడ మరో ఆకు మీద పడకుండా ఆకులు ఎడంగా వస్తాయి.

ఇది మన బాబు ఒక్కడే కనిపెట్టిన సంగతి కాదు. స్కాట్లండ్‌లో గిమింగ్‌హామ్, బర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1957లో నాచుల ఆకారాలకూ అవి పెరిగే చోట్లకూ ఉన్న సంబంధం మీద పరిశోధన ప్రచురించారు. దిండు, పొట్టి పచ్చిక, చాప, చిన్న చెట్టు ఆకారం అంటూ నాచులను రూపాలుగా విడదీసి, వెలుతురూ తేమా మారేకొద్దీ ఏ రూపం ఎక్కడ ఎక్కువగా ఉంటుందో చూపించారు. ఎండా గాలీ తగిలే పొడి చోట దిండ్లు, పొట్టి పచ్చికలు. నీడా తేమా ఉన్నచోట పరుచుకునేవి, కొమ్మలు వేసేవి. మన మెట్ల గోడ మీద మూడు అంతస్తుల్లో ఉన్నదీ ఆ క్రమమే.

సికింద్రాబాద్ గోడలు ఏం చెబుతున్నాయి?

ఆ తరువాత నేను కూడా గోడలు చూడడం మొదలుపెట్టాను. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంట్ ఊళ్లో ఎన్ని రకాల గోడలున్నాయో అప్పుడే గమనించాను. మారేడ్‌పల్లి, బొల్లారం వైపు పాత బంగళాల సున్నపు గోడలు ఉన్నాయి. మెట్టుగూడ, చిలకలగూడ వైపు రైల్వే క్వార్టర్ల ఇటుక గోడలు ఉన్నాయి. ఎక్కడ చూసినా గ్రానైట్ రాతి కాంపౌండ్ గోడలు. ఇప్పుడు కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్ల నున్నటి పెయింట్ గోడలు.

పాత సున్నపు గోడ నీటిని పీల్చి నిదానంగా వదులుతుంది. నాచుకు అది మంచి ఇల్లు. రాతి గోడలో రాయి మీద కన్నా రాళ్ల మధ్య అతుకుల్లో ఎక్కువ కనబడుతుంది, ఎందుకంటే తడీ దుమ్మూ నిలిచేది అక్కడే. నున్నటి ఎక్స్‌టీరియర్ పెయింట్ మీద నీళ్లు జారిపోతాయి కాబట్టి అక్కడ దానికి చోటు దొరకదు. కానీ అదే గోడ మీద ఏసీ పైపు చుక్కలు పడేచోట, పెయింట్ పొక్కిన దగ్గర, పచ్చటి చార కనబడుతుంది. కారే పైపు ఎక్కడుందో ప్లంబర్ కన్నా ముందు నాచు చూపిస్తుంది.

పార్కింగ్ టైల్స్ మధ్య సందుల్లో చూడండి. వెండి రంగు మెరుపుతో చిన్న చిన్న మొగ్గల్లాంటి నాచు ఉండొచ్చు. దాని పేరు బ్రయం అర్జెంటియం. అన్ని ఖండాల్లోనూ, అంటార్కిటికాలో కూడా, ఉన్న నాచు ఇది. చెప్పుల అడుగున అంటుకుని కూడా ఊళ్లు తిరుగుతుంది. దాని ఆకు కొసల్లో పత్రహరితం ఉండదు, అందుకే వెండిలా మెరుస్తుంది. ఎండలో పెరిగినది బాగా తెల్లగా మెరుస్తుంది. నీడలో, తడిలో పెరిగినది పచ్చగా, వదులుగా ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకటే అని పెద్దవాళ్లు కూడా నమ్మరు. నేను నమ్మనట్టే.

ఇంకో సంగతి. 'నాచు చెట్టుకు ఉత్తరం వైపు పెరుగుతుంది' అని మన పిల్లలు పుస్తకాల్లో, వీడియోల్లో చూస్తారు. అది యూరప్, అమెరికా దేశాల్లో పుట్టిన మాట. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి ఉత్తరం వైపు నీడ. మనం ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం దాటి కొంచెం పైన. మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పిల్లలు గ్రౌండ్‌లో స్టీలు గ్లాసు బోర్లించి జరుపుకునే 'జీరో షాడో డే' అదే. ఆ రెండు తేదీల మధ్య మూడు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. అంటే జూన్, జులైల్లో మన ఉత్తరపు గోడకే మధ్యాహ్నపు ఎండ తగులుతుంది.

అయితే మనకు ఏడాదిలో పడే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో నాలుగింట మూడు వంతులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. అప్పుడు మబ్బులు ఎక్కువ. వాన జల్లు నైరుతి, పడమటి గాలులతో వస్తుంది కాబట్టి పడమటి గోడలు బాగా తడుస్తాయి. ఆగస్టు తరువాత సూర్యుడు దక్షిణానికి జరిగితే ఉత్తరపు గోడ నీడలో పడి, అక్కడి తడి చలికాలం దాకా నిలుస్తుంది. కాబట్టి మన ఊళ్లో నాచు ఏ వైపు ఉంటుందన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. నెలను బట్టి, గాలిని బట్టి, పక్కింటి నీడను బట్టి చెప్పాలి. పుస్తకంలోని వాక్యాన్ని మన గోడ దగ్గర పరీక్షించవచ్చని ఒక పిల్లకు తెలిస్తే, అది ఆ వాక్యం బట్టీ పట్టడం కన్నా పెద్ద చదువు.

బాబు రెండో డబ్బా

బాబు ఇంకో ప్రయోగం కూడా చేశాడు. దాని సంగతి అడిగితే గానీ చెప్పలేదు. కూలర్ వెనకలాంటి నీడచోటు నుంచి తీసిన నాచును ఇంకో డబ్బాలో పెట్టి, ఒకేసారి టెర్రస్ మీద ఎండలో పెట్టాడు. వారంలో అది గోధుమ రంగుకు తిరిగింది. "అది వేస్ట్ అయింది మేడం" అన్నాడు. నిజానికి రెండింటిలో ఎక్కువ నేర్పేది అదే.

నీడలో సాగిన కాడ బలహీనమైనది కాదు. దిండులా ఉన్నది ఎదుగుదల లేనిదీ కాదు. దేని చోటుకు అది సరిపోయింది. ఇబ్బంది వచ్చింది చోటు ఒక్కసారిగా మారినప్పుడు. మొదటి డబ్బాలోని నాచుకు కూడా పాత భాగం మారలేదని గమనించండి. కొత్త చోటుకు తగ్గట్టు మారింది కొత్త చిగురు మాత్రమే. దానికి రెండు నెలలు పైనే పట్టింది.

ఇక్కడ తొందరపడి 'అంతా పరిసరాలే' అనకూడదు. అదే మెట్ల గోడ మీద, అదే ఎండలో, అదే తడిలో హయోఫిలా పక్కనే ఇంకో రకం నాచు ఉంది. దాని ఆకు వేరు, కణాలు వేరు. ఎంత నీడలో పెట్టినా అది హయోఫిలా అవదు. వేరు వేరు చోట్ల నాచులను తెచ్చి ఒకే చోట పెంచి చూసినప్పుడు కొన్ని తేడాలు పోతాయి, కొన్ని మిగిలిపోతాయి. పోయినవి చోటు ఇచ్చినవి. మిగిలినవి పుట్టుకతో వచ్చినవి. గోడ మీద చూసి ఏది ఏదో చెప్పలేం. ఒకే పరిస్థితుల్లో కొంతకాలం పెంచాకే తెలుస్తుంది.

నా అభిప్రాయం

పిల్లలు నాచు మొక్కలు కారు. ఆ పోలికను నేను ఎక్కువ దూరం లాగను. కానీ నేను ఆ బాబు విషయంలో చేసిన తప్పు నాచు గురించి మాత్రమే కాదు. ఒక రూపం చూసి, అది ఎక్కడ పెరిగిందో అడగకుండా, అది ఏమిటో తేల్చేశాను. మొక్క విషయంలోనూ అలాగే చేశాను, పిల్లవాడి విషయంలోనూ అలాగే చేశాను. 'ఊహించి రాస్తున్నాడు' అని నేను అన్న మాట ఇంటికి వెళ్లింది. ఇంట్లో నాన్నగారు కూడా అదే మాట అన్నారట. ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు క్లాసులో వాడు చెయ్యి ఎత్తలేదన్న సంగతి నాకు డబ్బా చూశాకే వెలిగింది.

పీటీఎంలలో మనం రెండు వైపులా ఇదే చేస్తాం. 'పక్కబెంచి అమ్మాయికి తొంభై ఎలా వచ్చాయి?' అని మీరు అడుగుతారు. 'బాబు స్లో' అని మేం చెబుతాం. అల్వాల్ నుంచి పొద్దున ఆరున్నరకు బస్సెక్కే అమ్మాయినీ, స్కూలు ఎదురు సందులో ఉండి ఏడున్నరకు నిద్రలేచే అమ్మాయినీ ఒకే షీటులో ర్యాంకుల వరసలో చూస్తాం. ప్రోగ్రెస్ కార్డులో ఎన్ని మార్కులు వచ్చాయో రాయడానికి గడి ఉంది. ఆ మార్కులు ఎలాంటి చోట పెరిగాయో రాయడానికి గడి లేదు. ఎవరు ఎంత నిద్రపోతున్నారు, బోర్డు కనబడుతుందా, ఇంట్లో చదువుకునే మూల ఉందా, ఏ భాషలో ఆలోచిస్తున్నారు అన్న ప్రశ్నలు అడగకుండా స్లో, షార్ప్ అనే మాటలు వాడడం మానేద్దామని నా ప్రతిపాదన. నేను ఈ ఏడాది నా క్లాసులో మానేశాను. మార్కులు వద్దని నేను అనడం లేదు. మార్కు కూడా ఒక కొలతే. ఎక్కడ కొలిచామో పక్కన రాయని కొలత సైన్స్ రికార్డ్‌లో చెల్లదు.

రెండో డబ్బా గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో మాట అనిపిస్తుంది. ఏడాది మధ్యలో టెస్టు మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం చాలా బడుల్లో ఉంది. తల్లిదండ్రులు కూడా 'పై సెక్షన్‌లో వేయండి' అని అడుగుతారు. కొంతమంది పిల్లలకు అది మేలు చేస్తుంది. కానీ ఒక్క సోమవారంలో టీచర్లు, స్నేహితులు, వేగం అన్నీ మారిపోయిన పిల్లకు రెండు నెలలైనా గడువు ఇవ్వకుండా 'అక్కడ నిలబడలేకపోయింది' అని తీర్పు చెప్పకూడదు. మార్చితే నిదానంగా మారుద్దాం. మార్చాక ఆగి చూద్దాం.

మీరు అడగబోయే ప్రశ్నలు

'దీనివల్ల ఫౌండేషన్ టెస్టులో మార్కులు వస్తాయా?' అని కొందరు అడుగుతారు. నేరుగా రావు. కానీ కొలవడం, పోల్చడం, ఒక్కటే మార్చి మిగతావి అలాగే ఉంచడం అన్నవి ఏ సైన్స్ పరీక్షకైనా పునాది. గోడ మీది నాచు పెద్ద పనులకూ పనికొచ్చింది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో అటవీశాఖ పరిశోధకులు 2013లో చెట్ల మీద నాచును 346 నమూనాలు సేకరించారు. నాచుకు వేళ్లు లేవు కాబట్టి అందులో ఉన్న లోహాలు ఎక్కువగా గాలి నుంచి వచ్చినవే. రంగు గాజు తయారీ కేంద్రాల దగ్గరి నమూనాల్లో కాడ్మియం ఎక్కువగా కనబడింది. 2016లో ఆ ఫలితాలు బయటపడ్డాక ఆ ఊరి గాలి మీద తనిఖీలు పెరిగాయి.

'గోడ పాడవుతుంది కదా?' అనేవారికి: రావి మొలకలా నాచు గోడను చీల్చదు, దానికి ఆ వేళ్లు లేవు. నాచు ఎక్కువగా ఉందంటే గోడలో చెమ్మ ఉందని అర్థం. బాగు చేయాల్సింది ఆ చెమ్మను. జానెడు మేర నాచు నాలుగు నెలలు ఉన్నంత మాత్రాన గోడకు వచ్చే ప్రమాదమేమీ లేదు.

'పిల్లలు జారిపడతారు' అంటే, నిజమే. మెట్ల మీద, నడిచే దారిలో, బాత్రూం దగ్గర పాకుడూ నాచూ రెండూ తీసేయించండి. నేను అడుగుతున్నది గోడ మీది జానెడు. దోమల సంగతి అడిగితే, డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలిచిన నీళ్లలో. కూలర్ ట్రే, పూలకుండీ కింది పళ్లెం వారానికోసారి ఖాళీ చేయండి. నాచుకు నీళ్లు చిలకరిస్తే చాలు, నిలవ పెట్టక్కర్లేదు.

ఇంట్లో ఇలా చేయండి

ఒకటి: పిల్లలతో కలిసి రెండు చోట్లు వెతకండి. ఒకటి ఎండ పడేది, ఒకటి నీడలో తడిగా ఉండేది. ఎవరూ నడవని చోట్లు అయి ఉండాలి.

రెండు: వాన వెలిశాక ఎంతసేపటికి ఆ చోటు ఆరిందో గడియారం చూసి రాయమనండి. ఆకారం గురించి ఏమీ చెప్పకండి, ముందు తడి సంగతి రాయనివ్వండి.

మూడు: చిటికెడు నాచు తీసి స్కేలు పక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి. కాడ పొడవు మిల్లీమీటర్లలో కొలవాలి. కొలతల పట్టిక మన పత్రిక ఇంగ్లీష్ పేజీల్లో ఉంది, దాన్ని కత్తిరించి వాడుకోవచ్చు.

నాలుగు: ఎండ చోటు నుంచి రూపాయి బిళ్లంత ముద్దను నీడ చోటుకు మార్చండి. అంతే ముద్దను కదపకుండా అక్కడే ఉంచండి. పదిహేను రోజులకోసారి రెండింటికీ ఫొటో తీయండి.

ఐదు: ఏం వస్తుందో ముందే చెప్పకండి. నేను రాసినట్టు రాకపోతే ఇంకా మంచిది. అప్పుడు 'ఎందుకు రాలేదు?' అని అడగండి. థర్మోకోల్ మోడల్, కొన్న చార్టు అవసరం లేదు. గూగుల్‌లో దొరికే బొమ్మ అసలు వద్దు.

సంక్రాంతి సెలవుల తరువాత ఆ ఫొటోలు, కొలతలు తెమ్మని నా క్లాసు పిల్లలకు చెప్పాను. మిగతా క్లాసుల పిల్లలు కూడా తేవచ్చు. సరిగ్గా వచ్చిందా లేదా అన్నదానికి మార్కులు ఉండవు. చూసింది చూసినట్టు రాశారా, ఎక్కడ చూశారో రాశారా అన్నదానికే ఉంటాయి.

ఆ బాబు రికార్డ్ మళ్లీ తెప్పించుకుని నా ఎర్ర గీత పక్కన 'నువ్వు రాసింది సరి, నేను రాసింది తప్పు' అని రాసి సంతకం పెట్టాను. క్లాసులో అందరి ముందు కూడా ఆ మాట చెప్పాను. పదికి తొమ్మిది వేశాను. బొమ్మ పక్కన కొలత వేయలేదు కాబట్టి ఒక మార్కు అలాగే ఉంచాను. ఇప్పుడు వాడు ఎనిమిదో తరగతి. మొన్న కారిడార్‌లో కలిసి, టెర్రస్ పిట్టగోడను ఈ సెలవుల్లో గీకిస్తారా మేడం అని అడిగాడు. ఆఫీసులో మాట్లాడాను. ఈ ఏడాది పెయింటర్లు వచ్చినప్పుడు మెట్ల గోడ పడమటి అంచున జానెడు వెడల్పు వదిలేయడానికి ఒప్పుకున్నారు. పీటీఎంకు వచ్చినప్పుడు లిఫ్టు ఎక్కకుండా ఒకసారి మెట్ల మీదుగా రండి. పైనుంచి కిందికి చూసుకుంటూ దిగితే మధ్యలో మధ్యరకం మీకూ కనబడుతుంది.

— సైన్స్ టీచర్, సికింద్రాబాద్ క్యాంపస్